లౌరీ చూసిన తెల్లగూబ

లౌరీ తెల్లగూబను చూశానని చెప్పినప్పుడు కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎగతాళి నవ్వయితే అతని భార్య ఓస్లా పట్టించుకునేది కాదు. ఆ ద్వీపంలో ఎగతాళి చేయించుకోకుండా ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. అది జాలి నవ్వు. అందుకే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

"ఉత్తర కొసన, పాత రాతిదడి పక్కన కూర్చుంది. మగది. ఒంటి మీద ఒక్క నల్ల చుక్క లేదు," అన్నాడు లౌరీ రొట్టె పొట్లం చంకలో పెట్టుకుని.

"గొర్రె కాదు కదా?" అన్నాడు కొట్టు నడిపే జీమ్సీ.

"గొర్రెకి రెక్కలుంటాయట్రా?"

"మీ గొర్రెలకి ఉంటాయేమో బాబాయ్. ఎంత కంచె వేసినా తెల్లారేసరికి నా చేలోనే వాలుతున్నాయి."

అందరితోపాటు లౌరీ కూడా నవ్వాడు. ఓస్లా మాత్రం అతని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఒకప్పుడైతే గూబల విషయంలో లౌరీ మాటకి ఎదురు చెప్పే మొనగాడు హాస్కే ద్వీపంలోనే కాదు, మొత్తం షెట్లాండ్ దీవుల్లోనే లేడు. అతనికి మీసాలొచ్చే వయసులో ఎక్కడి నుంచో ఒక తెల్లగూబల జంట వచ్చి ఇక్కడి కొండ మీద గూడు పెట్టింది. గుడ్లు ఎత్తుకెళ్ళే దొంగలుంటారు కాబట్టి కాపలా కావాలన్నారు. లౌరీ వేసవులకి వేసవులు చెక్కల గుడిసెలో పడుకుని ఆ గూటిని కాశాడు. తర్వాత ఒక చలికాలంలో మగది కనబడకుండా పోయింది. జంటలోని ఆడదీ, దానికి పుట్టిన ఆడపిల్లలూ ఇంకా చాలా ఏళ్ళు ఉండి, ఆఖరికి అవీ పోయాయి. ఓస్లా పెళ్ళి చేసుకుని పక్క ద్వీపం నుంచి ఇక్కడికొచ్చేసరికి గూబలూ లేవు, గుడిసే లేదు. మిగిలిందల్లా చలికాలం రాగానే బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని, 'ఏమో, ఈ ఏడు వచ్చిందేమో' అంటూ సముద్రం వెంబడి నడిచే మొగుడు. ఆ నడకల మీద ఆమె వేసినన్ని జోకులు ఇంకెవరూ వెయ్యలేదు. "నా సవతి వచ్చిందా?" అని అడిగేది అతను గుమ్మంలోకి రాగానే.

ఈ ఏడు జోకులు ఆగిపోయాయి. లౌరీ పొట్టేలుని వేళకాని వేళ మందలో వదిలేశాడు. పొయ్యి మీదున్న ఉప్పుమాంసం పులుసులో ఇంకోసారి ఉప్పు, మరోసారి ఉప్పు వేసి, రుచి చూసి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఎప్పుడో అమ్మేసిన పడవకి డీజిలు పొయ్యాలని డబ్బా పట్టుకుని రేవుకెళ్ళి, పడవ ఎవరో దొంగిలించారని గోల చేశాడు. ఫెర్రీ వాళ్ళు అతన్ని ఇంటికి తీసుకొచ్చి దింపినప్పుడు ఓస్లా వాళ్ళకి టీ ఇచ్చి, "జ్వరంలో ఉన్నాడు" అని అబద్ధమాడింది.

కొట్లో ఆ మాటలు నడిచిన వారానికి నర్స్ ఐలీన్ ఫెర్రీ దిగి వచ్చింది. మంచి పిల్ల. గొంతు పెంచకుండా, తొందర పెట్టకుండా లౌరీని ఏవేవో అడిగింది. అతను పెరట్లోకి వెళ్ళాక ఓస్లా వైపు తిరిగింది.

"లేనివి ఉన్నట్టు చెబుతుంటారా? ఎవరో వచ్చారనీ, ఏదో కనబడిందనీ?"

"లేదు," అంది ఓస్లా.

"మరి ఆ గూబ సంగతేంటి వదినా?" అంది రూబీ కిటికీ దగ్గర్నుంచి.

రూబీ లౌరీ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. పక్కింట్లోనే ఉంటుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఓస్లా ఆమె వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే బూడిదైపోయేవాళ్ళు. కానీ మాట బయటపడిపోయింది. ఐలీన్ గూబ గురించి అంతా విని, లేనివి కనబడటం మొదలైతే అది మామూలు మతిమరుపు కాదనీ, త్వరగా ముదురుతుందనీ, ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం కష్టమవుతుందనీ చెప్పింది. వచ్చే నెల లెర్విక్ పట్నంలో పెద్ద డాక్టరు చూస్తారంది.

ఆమె వెళ్ళాక ఓస్లా గిన్నెలు కడుగుతూ ఒక మాట పట్టుకుంది. గూబ ఉంటే లౌరీ లేనిదాన్ని చూసినట్టు కాదు. లేనిదాన్ని చూడకపోతే ఆ జబ్బు కాదు. అక్కడితో ఆ లెక్క ఆపేసింది. ముందుకెళ్తే పొట్టేలూ పులుసూ పడవా అడ్డమొస్తాయని ఆమెకి తెలుసు.

మర్నాటి నుంచి కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. నడి చలికాలపు ఆ రోజుల్లో పగలంటే పేరుకే పగలు. పొద్దున తెల్లారిందో లేదో తెలిసేలోపే సాయంత్రం మీద పడుతుంది. ఆ కాస్త వెలుతురులోనే గొర్రెలకి మేత పడేసి, లౌరీని రూబీకి అప్పగించి, బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని బయల్దేరేది. పడమటి గులకరాళ్ళ తీరం, అక్కడి నుంచి సముద్రం కోసేసిన కొండచీలికలు, తర్వాత ఉత్తర కొస. గాలి ఎదురైతే ఒళ్ళంతా ఒంచి నడవాలి, వెనకైతే అదే తోసుకుపోతుంది. ఇన్నేళ్ళూ నవ్విన నడకే ఇప్పుడు తను నడుస్తోంది.

తెల్లటిది ఏది కనబడినా ఆగి బైనాక్యులర్స్ ఎత్తేది. ఒకటి అల కొట్టుకొచ్చిన థర్మాకోల్ ముక్క. ఒకటి చచ్చిన గొర్రె పుర్రె. ఒకటి కొండవాలులో బయటపడ్డ పలుగురాయి. దాని దగ్గరికి పాక్కుంటూ పోయిందామె, అది ఎగిరిపోకుండా. ఒకరోజు నిజంగానే ఏదో లేచి ఎగిరింది. సముద్రం మీద తిరిగే గల్ పక్షి. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

నెల సగమైపోయింది. ఒక మధ్యాహ్నం ఆమె తీరం మీద సగం దూరం పోయాక వెనక నుంచి కేక వినబడింది. రూబీ. గాలికి కోటు డేరాలా ఉబ్బి, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నువ్వెందుకొచ్చావ్? లౌరీ?"

"పడుకున్నాడు. నువ్వెక్కడ కాలుజారి పడి చస్తావోనని వచ్చాను. ఒక పిచ్చి చాలదా మాకు?"

"లేస్తే?"

"లేస్తే లేస్తాడు. బయట గడియ పెట్టాను."

ఓస్లా ఆగిపోయింది. "ఏం పెట్టావ్?"

"గడియ వదినా, గడియ. మొన్న నువ్విటు రాగానే చెప్పుల్లేకుండా రేవుకి బయల్దేరాడు. జీమ్సీ పెళ్ళాం చూసి చెప్పబట్టి సరిపోయింది. నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదు."

"మనిషిని కొట్టంలో గొర్రెని పెట్టినట్టు పెట్టొచ్చావా? సొంత అన్నయ్యని?"

"పెట్టకపోతే సముద్రంలోంచి తియ్యాలి. ఏది కావాలో నువ్వే చెప్పు." రూబీ గొంతు గాలితో పోటీ పడుతోంది. "సరే, గూబ ఉందే అనుకో. దొరికిందే అనుకో. దాన్ని పట్టుకొచ్చి అన్నయ్య నెత్తి మీద కూర్చోబెడితే పోయిన బుర్ర తిరిగొస్తుందా? ఎవర్ని మోసం చేద్దామని తిరుగుతున్నావ్ నువ్వు?"

"ఇంటికి పో."

"వదినా..."

"ముందు ఆ గడియ తియ్యి పో!"

రూబీ వెనక్కి తిరిగింది. ఆమె మనిషి చిన్నదైపోయేదాకా ఓస్లా చూస్తూ నిలబడింది. తనూ వెళ్ళాలి. అది తెలుసు. కానీ కాళ్ళు ఉత్తరానికే పోయాయి. రూబీ మాట నిజమని ఒప్పుకోవడం కంటే నడవడం తేలిక.

కొస దగ్గరికొచ్చేసరికి వడగళ్ళు మొదలయ్యాయి. కళ్ళు తెరవనివ్వడం లేదు. పాత రాతిదడి చాటున కూర్చుంది. ఎవరో ముత్తాతలు కేబేజీ నారు గాలికి పోకుండా కట్టుకున్న గుండ్రటి గోడ అది. అక్కడ కూర్చుని చేతులు చంకల్లో పెట్టుకుని ఏడ్చింది. లౌరీ కోసమని కూడా కాదు. వేళ్ళు నొప్పెడుతున్నాయని, స్వెటర్ తడిసిందని, ఇంటికెళ్ళి బంగాళాదుంపలు ఉడకెయ్యాలని ఏడ్చింది.

వడగళ్ళ వాన వెలిసింది. ఎక్కడో బొంతకాకులు గొడవ చేస్తున్నాయి. ఒకటి రెండు కాదు, దండు. చచ్చిన గొర్రె ఉందేమో, మనదేమోనని ఓస్లా లేచి చూసింది. కాకులు చీలిక అంచున ఉన్న గడ్డిదిబ్బ మీదికి ఒక్కొక్కటే దూకుతూ, లేస్తూ అరుస్తున్నాయి. ఆ దిబ్బ మీద అది కూర్చుంది.

బైనాక్యులర్స్ ఎత్తడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. ఎత్తితే లేకుండా పోతుందని భయం. అది మాత్రం ఎక్కడికీ పోలేదు. అంత కాకిగోలలోనూ కళ్ళు సగం మూసుకుని, పెద్దింటి ముసలమ్మ నీళ్ళకుండీ దగ్గర తగువు వింటున్నట్టు కూర్చుంది. కాళ్ళ దాకా బొచ్చు. కాళ్ళకింద కుందేలు తోలు. మెడ మాత్రం తిప్పింది. ఆ పసుపుపచ్చటి కళ్ళు ఓస్లాని చూశాయి, ఆమె పక్కనున్న రాయిని చూసినట్టే చూసి, వదిలేశాయి. ఒంటి మీద ఒక్క నల్ల చుక్క లేదు.

"మగదే," అంది ఓస్లా పైకే. "మగదే లౌరీ, మగదే."

ఎలా ఇంటికొచ్చిందో ఆమెకే తెలియదు. తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి లౌరీ పొయ్యి ముందు కూర్చుని రొట్టె తింటున్నాడు. రూబీ వెన్న రాసిస్తోంది.

"ఉంది రూబీ! ఉంది! కళ్ళారా చూశాను. దడికి అవతల, లౌరీ అన్నట్టుగానే, తెల్లగా..."

రూబీ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. "గూబా? నిజంగా?"

"నా మీద ఒట్టు."

రూబీ అక్కడే పీట మీద కూలబడి కొంగులేని మనిషి కాబట్టి తువ్వాలుతో మొహం కప్పుకుంది. "నా నోరు పడిపోను. ఆ నర్స్ పిల్ల ముందు సొంత అన్నయ్యని పిచ్చోణ్ణి చేశాను. గడియ కూడా పెట్టాను."

"ఏముంది?" అన్నాడు లౌరీ.

"నీ గూబ! పద, లే, వెలుతురు పోకముందే చూద్దువు."

"ఏ గూబ?"

ఆ మాట ఓస్లా చెవిన పడింది. పడినా ఆగలేదు. అతని బూట్ల తాళ్ళు కడుతూ ఉంది.

రూబీ తన పాత వ్యాను తీసింది. దారి అయిపోయేదాకా అందులో పోయి, అక్కడి నుంచి ముగ్గురూ నడిచారు. మబ్బులు విడిపోయి, పడమర పక్క ఒక పచ్చటి వెలుతురు గీత మిగిలింది. లౌరీ హుషారుగానే నడిచాడు. ఎక్కడ బురద ఉందో, ఎక్కడ గొర్రెల దారి తెగుతుందో అతని కాళ్ళకి తెలుసు. ఆడవాళ్ళే వెనకబడ్డారు. ఓస్లాకి అతని వెనక నడవడం ఎంత బాగుందంటే, కాసేపు ఏమీ జరగనట్టే అనిపించింది.

అది ఇంకా అక్కడే ఉంది.

"ఓరి దేవుడా," అంది రూబీ గుసగుసగా. చిన్నప్పుడు అన్నయ్య వెంట వెళ్ళి చూసింది. మళ్ళీ చూడటం ఇదే. "ఓరి నాయనా. అదే. అన్నయ్యా, అదే!"

ఓస్లా బైనాక్యులర్స్ తీసి లౌరీ చేతికిచ్చింది. అతను మోకాలు నేలకానించి, మోచెయ్యి రెండో మోకాలి మీద ఆనించి, వేలితో చక్రం అటూ ఇటూ కదిపి సరిచేసుకున్నాడు. అలా చెయ్యడం అతనికి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. చాలాసేపు చూశాడు. ఓస్లా గూబని చూడలేదు. అతని దవడ పక్కన కదిలే కండరాన్ని చూస్తూ కూర్చుంది.

అతను బైనాక్యులర్స్ దించాడు.

"ప్లాస్టిక్," అన్నాడు.

"ఏంటి?"

"గడ్డిమోపులకి చుట్టే తెల్ల ప్లాస్టిక్. ఎవరి చేలోంచో ఎగిరొచ్చింది. గొర్రెలు తింటే చస్తాయి, తీసెయ్యాలి."

"తల తిప్పుతోంది చూడు లౌరీ. సరిగ్గా చూడు."

"గాలికి."

"కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. నువ్వే కదా కొట్లో చెప్పావ్, మగదని, నల్ల చుక్క లేదని..."

"నేనా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. చెదిరిన చూపు కూడా కాదు. ఈ మధ్య నెలల్లో అంత తేటగా అతను ఎప్పుడూ చూడలేదు.

"ఓస్లా," అన్నాడు మెల్లగా, "ఇక్కడ గూబల్లేవు. మగది పోయింది. ఆడవి మాత్రం ఏటేటా గుడ్లు పెట్టేవి. ఒక్కటీ పిల్ల కాలేదు. నాకు తెలుసు, నేను కాశాను కదా. చచ్చిన గుడ్ల మీద అవి కూర్చుంటే, వాటికి నేను కాపలా కూర్చున్నాను. మా నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాకా కూర్చున్నాను. ఇంకా వస్తాయని చూడకూడదు. చూసినకొద్దీ కనబడతాయి. రాయిలో కనబడతాయి, గొర్రెలో కనబడతాయి. ఎన్నేళ్ళు కనబడ్డాయో నాకు."

"అన్నయ్యా, నేనూ చూస్తున్నాను కదా..." అంది రూబీ. ఓస్లా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

అప్పుడే గూబ లేచింది. రెక్క చప్పుడన్నదే లేదు. దిబ్బ మీంచి జారినట్టు జారి, చీలిక మీదుగా వెడల్పాటి రెక్కలతో సముద్రం పక్కకి ఒంగి, కొండ వెనక్కి పోయింది.

"చూశావా," అన్నాడు లౌరీ. "గాలికి లేచిపోయింది."

అతను తన మఫ్లర్ తీసి ఓస్లా మెడకి చుట్టాడు, చెవులు కప్పి, కొసలు కోటులోకి దోపి. మోచెయ్యి పట్టుకుని కిందికి నడిపించాడు. "ఇక్కడ గుంట ఉంది, చూసుకో... ఇక్కడ జారుతుంది... మెల్లిగా, తొందరేం లేదు." రూబీ వెనక ఏడుస్తూ వచ్చింది. గాలిలో ఆ ఏడుపు ఎవరికీ వినబడలేదు.

ఇంటికొచ్చాక అతను ఓస్లాని పొయ్యి పక్క బల్ల మీద పడుకోబెట్టాడు. పొయ్యిలో రెండు పీట్ పెళ్ళలు, మండే ఎండుమట్టి గడ్డలు, వేశాడు. టీ పెట్టాడు. పాలు ముందు, పంచదార లేకుండా, ఆమె తాగేలాగే. అది అతను మర్చిపోలేదు. తర్వాత వంటగదిలోకి పోయి, తలుపు వారగా వేసి, రూబీతో గొంతు తగ్గించి మాట్లాడాడు. చిన్న ఇల్లు. ప్రతి మాటా వినబడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఏమో అన్నయ్యా."

"నాకెందుకు చెప్పలేదు?"

రూబీ ముక్కు చీదుకున్న చప్పుడైంది.

"కోప్పడకు దాన్ని. లేదనకు, ఉందనకు, ఊరుకో. లెర్విక్ తీసుకెళ్ళి చూపిద్దాం. అది భయపడుతుంది, నువ్వూ తోడు రా."

ఓస్లా కదలకుండా పడుకుంది. లేచి వెళ్ళి, జబ్బు నాది కాదు, నీది అని చెప్పొచ్చు. చెబితే అతను తలూపి ఊరుకుంటాడు, ఇప్పుడే రూబీకి చెప్పినట్టే. ఆమె టీ తాగింది. చల్లారకముందే మొత్తం తాగింది.

గూబ ఆ చలికాలమంతా ఉంది. ఎవరో ఫోటో తీశాక, పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుని జనం ఫెర్రీ దిగారు. జీమ్సీ కొట్లో మాంసం రొట్టెలు మధ్యాహ్నానికే అయిపోయేవి. వచ్చినవాళ్ళందరికీ అతను "మా లౌరీ బాబాయే ముందు చూశాడు, మేమే నమ్మలేదు, గాడిదలం" అని చెప్పేవాడు. ఒకరోజు ఆ మాట చెప్పడానికే ఇంటికొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. లౌరీ మర్యాదగా విని, "పర్లేదులే" అన్నాడు. దేనికో అడగలేదు. ఐలీన్ కూడా గూబని చూసి వచ్చింది. సంతోషంగా ఉందంది. కానీ లెర్విక్ డాక్టరు చూడకుండానే లౌరీ జబ్బేంటో ఆమెకి తెలిసిపోయిందని ఓస్లాకి ఆమె ముఖంలోనే తెలిసింది.

లౌరీ ఒక్కొక్కటే మర్చిపోతూ వచ్చాడు. జీమ్సీ పేరు. స్నానాల గది తలుపు. రూబీని ఒక్కోసారి వాళ్ళమ్మ అనుకునేవాడు. ఒక్క సంగతి మాత్రం అతనిలో మేకులా దిగిపోయింది: ఓస్లాకి బాగోలేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడితే లేచి వచ్చి పక్కన నిలబడేవాడు. సముద్రం వైపు చూస్తే చూపు మళ్ళించడానికి ఏదో ఒకటి అడిగేవాడు. ఎవరైనా ఇంటికొస్తే ఆమె ముందు పక్షుల మాట ఎత్తొద్దని సైగ చేసేవాడు. ఓస్లా ఆ కొసకి మళ్ళీ వెళ్ళలేదు. గూబ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఆమె అడగలేదు.

గొర్రెలు ఈనే కాలానికి లెర్విక్‌లోని వృద్ధాశ్రమంలో అతనికి గది ఖాళీ అయిందని కబురొచ్చింది. మందని జీమ్సీకి అప్పగించి, అతని బట్టలు పెట్టెలో సర్ది ఓస్లా ఫెర్రీ ఎక్కింది. రూబీ రేవులోనే ఉండిపోయింది, రానంది. తెరచాపల్లాంటి మబ్బులు. సముద్రం ఆ పూట గాజులా ఉంది. లౌరీ పెట్టెని తన కాళ్ళ మధ్య పెట్టుకుని, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"భయపడకు," అన్నాడు. "నేను లోపలికి కూడా వస్తాను. వాళ్ళేం చెయ్యరు, ఊరికే నాలుగు ప్రశ్నలు అడుగుతారంతే. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం."

"సరే," అంది ఓస్లా.